లెన్స్ ఆరితే వచ్చే మనిషి

దయ్యాలు నా సిలబస్‌లో లేవు. నేను చెప్పేది ఫిజిక్స్, అందులోనూ ఎక్కువగా కాంతి పాఠాలు. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద ఒక కోచింగ్ సెంటర్లో, నాలుగో అంతస్తు స్టూడియోలో కెమెరా ముందు నిలబడి, ఎదురుగా ఒక్క పిల్లాడు లేకపోయినా "అర్థమైందా?" అని అడుగుతూ ఉంటాను. ఖాళీ గదిని ప్రశ్నలడిగితే జీతమిచ్చే ఉద్యోగం నాది. ఆ ఖాళీ గదిలో ఒక మధ్యాహ్నం, తలుపు పక్కన మా నాయన నిలబడి ఉన్నాడు. ఆయన పోయి అప్పటికి మూడు నెలలు.

ఖాకీ చొక్కా, భుజం మీద తువ్వాలు. హయత్‌నగర్ డిపోలో బస్సు డ్రైవర్ ఇశ్రాయేలు డ్యూటీ దిగి ఇంటికొచ్చినప్పుడు ఎలా నిలబడేవాడో అలాగే, ఒక కాలి మీద బరువు వేసి. మొహం మాత్రం తడిగుడ్డతో తుడిచిన బోర్డులా ఉంది. నాకు భయం వేయలేదు. పెద్ద ధైర్యస్థురాలినని కాదు, భయపడాలన్న సంగతే గుర్తు రాలేదు. "నాయనా" అని పిలవబోయి రెప్ప వేశాను. మళ్ళీ చూసేసరికి తలుపు ఉంది, ఆయన లేడు.

మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. నేనూ అదే అనుకున్నాను, కళ్ళ తప్పని. నాకు మైనస్ ఐదు పవరు. కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడితే స్టూడియో లైట్లన్నీ వాటిలోనే వెలుగుతాయి, నా కళ్ళు పిల్లలకు కనిపించవు. అందుకని కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోమన్నారు మా సెంటర్ వాళ్ళు. అనడం తేలికే, కళ్ళు వాళ్ళవి కావుగా! నావి పొడి కళ్ళు. లెన్సు పెట్టుకున్న రెండు గంటలకు రెప్ప కింద ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది, చూపు మసకబారుతుంది. చుక్కల మందు వేసుకుంటే కాసేపు హాయి, తర్వాత షరా మామూలే.

ఈ పొడి కళ్ళు ఊళ్ళో కూడా నా పరువు తీశాయి. నాయనను సమాధి చేయడానికి ఊరికి తీసుకుపోయాం. మా వాళ్ళలో ఆడవాళ్ళు శవపెట్టె పట్టుకుని, పోయిన మనిషి కథంతా వరసగా ఎత్తుకుంటూ శోకం పెడతారు. మా మేనత్త పెంటమ్మ అందులో ఆరితేరిన మనిషి. తమ్ముడు ఈత నేర్చుకున్న బావి దగ్గర మొదలుపెట్టి, బస్సు స్టీరింగు దాకా వచ్చి, మధ్యలో ఆగి నా మొహంలోకి చూసింది.

"కండ్లల్ల తడి లేదేందే ఈ పిల్లకు? సదువుకున్నోళ్ళకు ఏడుపు గూడ రాదా?" అని, మళ్ళీ ఆపిన చోటు నుంచి అందుకుంది.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఏడుపు గొంతులో ఉంది, కడుపులో ఉంది, కంట్లోకి మాత్రం రాలేదు. ఎవరితో చెప్పుకోను? తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. అయినా నన్ను తినేసింది పెంటమ్మత్త మాట కాదు. అంతకు ముందు దవాఖానలో అమ్మ అన్న మాట. నేను స్టూడియో నుంచి పరుగెత్తుకుని పోయేసరికి నాయన కళ్ళు మూసేసి ఉన్నాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆఖరుకు తలుపు దిక్కే సూసిండు బిడ్డ. నువ్వొస్తవని," అంది. ఆ చూపు నాకు అందలేదు. లోకంలో నేను ఇంకేమీ అడగను, ఆ ఒక్క చూపు కావాలి నాకు. అప్పటి నుంచి ఇప్పటి దాకా అంతే.

రెండోసారి వచ్చినప్పుడు, మూడోసారి వచ్చినప్పుడు పద్ధతి అర్థమైంది. లెన్సు తడిగా ఉన్నంతసేపూ రాడు. ఆరి, మసక పట్టి, లైట్ల చుట్టూ తెల్లటి వలయాలు మొదలయ్యాక వస్తాడు. రెప్ప వేస్తే పోతాడు. చుక్కలు వేసుకుంటే ఇక ఆ పూటకు రాడు. సరే, రెప్ప వేయడం మానేస్తే? మానేశాను. న్యూటన్ సూత్రాలు చెబుతూ, కళ్ళు విప్పార్చుకుని, మంటకు పళ్ళు బిగించి, మా నాయనను చూస్తూ ఉండేదాన్ని.

ఆయన మాత్రం నన్ను చూసేవాడు కాదు. అదీ బాధ. తుడిచిన మొహమైనా తల ఎటు తిరిగి ఉందో తెలుస్తుందిగా! తలుపు వైపు, కిటికీ వైపు, మూల వైపు. కొత్త ఊళ్ళో బస్సు దిగిన మనిషిలా గదంతా వెతుకుతాడు. నేను ఎదురుగా ఉన్నాను, కెమెరా వెనక మనిషి తప్ప గదిలో ఇంకెవరూ లేరు, అయినా నా వైపు తిరగడు.

కెమెరా చూసే మురళీకృష్ణ గారిది భీమవరం వైపు. యాభై దాటిన పెద్దమనిషి, ఎవరి జోలికీ పోడు. ఒకరోజు రికార్డింగ్ అయ్యాక నన్ను పక్క గదిలోకి రమ్మన్నాడు.

"ఏమీ అనుకోకండి మేడం గారూ. పిల్లలు కామెంట్లలో అడుగుతున్నారండి, మేడం రెప్ప ఎందుకు వేయట్లేదని. నేనూ సరదాకి అంటున్నారనుకున్నాను. ఒక్కసారి ఈ ముక్క చూడండి."

తెర మీద నా మొహం. కళ్ళు ఎర్రగా, పెద్దవిగా ఉన్నాయి. నోరు వేగం గురించి చెబుతోంది. కళ్ళు మాత్రం ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా కదులుతున్నాయి, అక్కడ ఆగాయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"గదిలో మనమిద్దరమే ఉన్నామండీ. నేను కెమెరా వెనకాల కదలకుండా నిలబడ్డాను. మరి మీరు ఎవరు నడుస్తుంటే చూస్తున్నట్టు?" అన్నాడాయన. గొంతు తగ్గించి, "మా ఆవిడతో చెప్పి తాయెత్తు తెప్పించమంటారా?" అన్నాడు.

"మేం క్రైస్తవులం సార్," అన్నాను నవ్వబోయి. నవ్వు రాలేదు. నాయనను చూసినప్పుడు కలగని భయం ఆ తెర మీద నా కళ్ళను చూసినప్పుడు కలిగింది.

కొత్తపేటలో డాక్టర్ మృదుల గారి కళ్ళ క్లినిక్‌కి వెళ్ళాను. దయ్యం సంగతి చెప్పలేదు, మసక సంగతి చెప్పాను. ఆమె నా లెన్సు తీసి లైటు కింద పెట్టి చూసి మొహం చిట్లించింది.

"రెప్పలకి ఏం రాస్తున్నారండీ? లెన్సంతా నూనె పొర పేరుకుంది."

నేనేమీ రాయలేదన్నాను. ఆమె నమ్మలేదు, నా కనురెప్ప మీద వేలితో తుడిచి చూపించింది. జిడ్డు ఉంది.

తర్వాత చాలాసేపు చెప్పింది పాపం. వారం పాటు లెన్సు ముట్టుకోవద్దంది. ఆ తర్వాత ఏ రోజుకారోజు పారేసే రకం వాడమంది. చుక్కల మందు సీసాలో నిల్వ ఉండేది కాకుండా, ఒకసారి వాడి పారేసే చిన్న గొట్టాల్లోది తెచ్చుకోమంది. గోరువెచ్చటి గుడ్డ రెప్పల మీద వేసుకోవాలి. ఏసీ గాలి మొహానికి తగలకూడదు. నాలుగైదు గంటలకు మించి పెట్టుకోకూడదు. "అన్నిటికన్నా ముఖ్యం రెప్ప. కెమెరా చూస్తూ మీరు రెప్ప వేయడం మర్చిపోతున్నారు. వాక్యం అయినప్పుడల్లా ఒకసారి పూర్తిగా వేయండి," అంది.

మర్చిపోతున్నానట! మనసులోనే నవ్వుకుని, ఎల్బీనగర్‌లో ఆటో మారి అల్మాస్‌గూడ ఇంటికి పోయి, నేరుగా వంటింట్లో అమ్మ ముందు నిలబడి నా రెప్పల మీద జిడ్డు సంగతి అడిగాను.

మా అమ్మ ఎలీశమ్మకు అబద్ధం చెప్పడం రాదు, ఆ అవసరం ఉందని కూడా అనుకోదు. "నేనే రాసిన. తెల్లారి ప్రార్థనకు లేసినప్పుడు నువ్వు నిద్రల ఉంటవు గదా, రెండు రెప్పలకు జర జర అద్దుతున్న. నీ కండ్లు బాగుపడాలని. ఏమైతది? ప్రార్థన నూనె గాదు?"

శుక్రవారం ఉపవాస కూడికలో పాస్టరు గారు ప్రార్థన చేసి ఇచ్చే కొబ్బరి నూనె అది. తలనొప్పికీ అదే, కాళ్ళ నొప్పులకీ అదే, పరీక్షలకు పోయే పిల్లల నుదుటికీ అదే. అటక కింద అరలోంచి దగ్గు మందు సీసా ఒకటి తీసి చూపించింది. అడుగున కాస్త మిగిలి ఉంది.

"ఇది ఎప్పటిదమ్మా?"

"మీ నాయినకు తెచ్చిందే. దవాఖానల ఆయన కండ్లు మూసినంక రెప్పలకు ఇదే అద్దిన. సగం సీస మిగిలె. ప్రార్థన జేసిన నూనె పారబోస్తరా? తప్పు గాదు? ఒడిసేదాక వాడాలె."

 చనిపోయిన నాయన రెప్పల మీద పెట్టిన వేలినే మళ్ళీ సీసాలో ముంచి, నెలల తరబడి నా రెప్పల మీద పెడుతోంది మా అమ్మ, ఎంతో ప్రేమగా. నేను అరిచాను. దేవుడు తల్లులకు ప్రేమ ఇచ్చినంత తెలివి ఇవ్వలేదని కూడా అన్నాను. అమ్మ సీసా మళ్ళీ అరలో పెట్టింది. పారబోయలేదు.

ఇక ఫిజిక్స్ మేడం గారికి అంతా తేలిపోయింది. నూనె పొర, దాని మీద చెదిరిన కాంతి, మిగతాది దిగులు. వారం పాటు కళ్ళద్దాలతో తిరిగాను. నాయన రాలేదు. వారం తర్వాత కొత్త లెన్సులు పెట్టుకున్నాను. డాక్టరమ్మ చెప్పినట్టు చుక్కలు, గుడ్డ, రెప్పలు, అన్నీ చేశాను. చల్లగా, హాయిగా, కంట్లో ఏదో ఉందన్న ధ్యాసే లేదు. తలుపు తలుపులా కనిపించింది, మూల మూలలా కనిపించింది. "ఇవాళ బాగా చెప్పారండి," అన్నాడు మురళీకృష్ణ గారు.

ఆ సాయంత్రం మెట్రోలో నిలబడి ఉంటే, నాయన రెండోసారి పోయాడనిపించింది. ఈసారి పంపించింది నేనే, మందు వేసి మరీ.

మర్నాడు చుక్కల గొట్టం సంచిలోనే ఉంచేశాను. ఏసీ గాలి నేరుగా తగిలే చోటికి జరిగి నిలబడ్డాను. డాక్టర్ చెప్పినవన్నీ నాకు బాగా గుర్తున్నాయి, ఒక్కోటీ తిరగేసి చేశాను. రెండో గంట దాటాక లైట్ల చుట్టూ వలయాలు వచ్చాయి. కొత్త లెన్సు, నూనె చుక్క కూడా లేదు. నాయన తలుపు దగ్గర నిలబడ్డాడు.

నేను ఏడ్చినంత పని చేశాను. ఏడుపు వస్తే లెన్సు తడిసి పోతాడేమోనని అది కూడా మింగాను.

అక్కడి నుంచి ఇంట్లో కూడా రావడం మొదలుపెట్టాడు. లెన్సులు తీయకుండానే ఇంటికి పోయేదాన్ని మరి. ఒకరోజు సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. వంటింటి గుమ్మంలో నాయన నిలబడి ఉన్నాడు, వీపు నా వైపు. ఆయన తల కదలడం లేదు. ఎటూ వెతకడం లేదు. అమ్మనే చూస్తున్నాడు.

 సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు అసూయ కలిగింది. నా కళ్ళు మండించుకుని తెచ్చుకున్నది నేను, ఆయన చూసేది ఆమెను. పైగా ఆమెకు ఆ సంగతే తెలియదు.

"ఎవ్వలను సూస్తున్నవ్ అట్ల?" అంది అమ్మ, పిండి చేతులతో వెనక్కి తిరిగి. రెప్ప పడిపోయింది నాకు.

ఇక దాచలేకపోయాను. మొదటి నుంచీ చెప్పేశాను. సాతాను అంటుందనుకున్నాను, పాస్టరు గారిని పిలుస్తుందనుకున్నాను. అమ్మ రొట్టె పెనం మీద మాడుతున్నా తీయకుండా అలాగే కూర్చుంది.

"సన్నగయిండా?" అంది చివరికి.

"తెలుస్తలేదమ్మా."

"మనం ఇల్లు మారినం గదా. హయత్‌నగర్ల కిరాయి ఇల్లే ఎరుక ఆయనకు. గీ ఇల్లు ఎట్ల దొరకబట్టిండు?" మాడిన రొట్టె తీసి పక్కన పడేసి, "నన్నడిగిండా?" అంది.

"మాట్లాడడు. నిన్నే చూస్తుండె," అన్నాను. చెప్పడానికి మనసొప్పలేదు, అయినా చెప్పాను.

అమ్మ లేచి గుమ్మం దాకా పోయి, ఖాళీ గాలిలో చెయ్యి పెట్టి చూసింది. ఆ చెయ్యి అక్కడ ఎంతసేపు ఉందో నేను చూడలేకపోయాను.

తర్వాత నా కుడి కన్ను పూర్తిగా ఎర్రబడింది. వెలుతురు చూస్తే సూది గుచ్చినట్టుండేది. మృదుల గారు ఈసారి కోప్పడ్డారు. "నల్లగుడ్డు మీద గీత పడిందండీ. ఇంకొక్కసారి లెన్సు పెట్టారంటే పుండు పడుతుంది, చూపు పోతుంది. మీరు చదువుకున్నవారు, నేను ఇంతకన్నా ఏం చెప్పను?" లెన్సులు పూర్తిగా బంద్. కోచింగ్ సెంటర్‌కి సెలవు చీటీ పంపాను. మిగిలిన లెన్సు రేకులు బీరువా పైన పడేశాను, పారేయడానికి చేతులు రాలేదు. అమ్మ సీసా పారేయలేదని అరిచినదాన్ని నేనే.

ఆదివారం పొద్దున. ఆరాధనకు తయారవుతున్నాను. అమ్మ ముందు గదిలో కూర్చుని రోట్లో పచ్చిమిరపకాయల తొక్కు నూరుతోంది. రోలు చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి పిలిచింది.

"సాధనా! బిడ్డా, జర రా!"

పోయి చూస్తే, తెరిచి ఉన్న వీధి తలుపుకు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. కింద చిరిగిన లెన్సు రేకు. ఒళ్ళో ఖాళీ అయిన నూనె సీసా. కుడి కన్ను మిరపపండులా ఉంది.

"ఏం చేసినవమ్మా!"

"నువ్వు పెట్టుకునేది సూసిన గదా, గట్లనే పెట్టుకున్న. మిగిలిన నూనె గూడ అద్దిన. ఒక్కసారి సూద్దమని," అంది. "ఏం కనిపిస్తలేడే. అంత పొగ పొగ. రెప్ప గూడ ఎయ్యలే నేను. మంట బిడ్డా, తియ్యి. తీయ రాదాయె నాకు."

"చేతులు కడుక్కున్నవా?"

"కడుక్కున్న."

మిరపకాయలు నూరిన చెయ్యి ఒకసారి కడిగితే ఘాటు పోతుందా!  లోపలికి పరుగెత్తి చుక్కల గొట్టం తెచ్చాను. ముందు చుక్కలు పోసి, లెన్సును తేలేటట్టు చేసి తీయాలి. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను. నా పవరుకు దూరం అంతా మసకే గానీ, అరచేతి దూరంలో ఉన్నది మాత్రం అద్దాలు లేకుండానే బాగా కనిపిస్తుంది. అమ్మ మొహం మీదికి వంగి, కింది రెప్ప లాగి, కంట్లోకి చూశాను.

నల్లగుడ్డు మీద, లెన్సు మెరుపులో, నా వెనకున్న వీధి తలుపు తెల్లగా, చిన్నగా కనిపిస్తోంది. దానికి అడ్డంగా నా తల. నా తల పక్కన ఇంకొక తల.

ఖాకీ చొక్కా. భుజం మీద తువ్వాలు. ఆవగింజంత ఉన్నాడు, కానీ ఈసారి మొహం ఉంది. మీసం ఉంది. కళ్ళున్నాయి.

వెనక్కి తిరగలేదు నేను. తిరిగితే అక్కడ మసక తప్ప ఏమీ ఉండదని తెలుసు. ఆపుకోలేక రెప్ప వేశాను, వేసి తిట్టుకున్నాను. ఆయన పోలేదు. నా కంట్లో లెన్సు లేదుగా! ఆయన ఇప్పుడున్నది అమ్మ కంట్లో.

అద్దంలో ఎవరి కళ్ళు నీకు కనిపిస్తాయో, వాళ్ళకు నీ కళ్ళు కూడా కనిపిస్తాయి. కాంతి వచ్చిన దారిలోనే తిరిగి పోతుంది. ఇది నమ్మకం కాదు, పాఠం. నాయన కళ్ళు నాకు కనిపిస్తున్నాయి. నాయన నన్ను చూస్తున్నాడు. దవాఖాన తలుపు వైపు ఎలా చూశాడో అలా, నేను వచ్చేశానన్నట్టు చూస్తున్నాడు.

"మండుతున్నది బిడ్డా, ఇంకెంతసేపు?" అంది అమ్మ. కంటి కింద నీరు ఊరుతోంది. పై రెప్ప వణుకుతోంది, పడబోతోంది.

"రెప్ప ఎయ్యకమ్మా," అన్నాను. "జర ఓర్సుకో. ఇంకొంచెం సేపు."

లెన్సు తీయడానికే అంటున్నాననుకుంది మా అమ్మ. నాకు వీలుగా ఉంటుందని, కారం చేతి వేలితోనే తన పై రెప్పను పైకి లాగి పట్టుకుంది. నొప్పికి మూలుగుతూ, తల కదిలించకుండా, నేను చెప్పినట్టే కూర్చుంది. చుక్కల గొట్టం నా రెండో చేతిలో ఉంది. దాని మూత నేనింకా తుంచలేదు.